ముందు పాట, తర్వాతే మైకు

ఇంట్లోనే పాట తయారు చేయాలన్న కోరిక పుట్టిన ప్రతివారూ మొదట అడిగేది ఒకటే: ఏ మైకు కొనాలి? ఆ వెంటనే, ఎంతవుతుంది? రెండింటికీ జవాబు చెబుతాను. అంతకంటే ముందు మీరు చెప్పాల్సిన జవాబు ఒకటుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోనుతో, పల్లవి నుంచి చివరి చరణం దాకా, ఒక్క పాటైనా పూర్తి చేశారా?

చేయకపోతే ఈ నెల ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. పాటను మొదలుపెట్టడం అందరికీ వచ్చు. ముగించడం మాత్రం అభ్యాసంతో అలవడే గుణం. అది లేనివారి గదిలో ఎంత ఖరీదైన సామాను చేరినా దుమ్ము పట్టి కూర్చుంటుంది. అది ఉన్నవారి చేతిలో మామూలు క్యాసెట్ రికార్డర్ కూడా చరిత్రకెక్కుతుంది.

చరిత్ర అని ఊరికే అనలేదు. 1982 జనవరిలో అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో తాను అద్దెకుంటున్న ఇంట్లో కూర్చుని, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద కొన్ని పాటలు పాడి పెట్టుకున్నారు. తన బ్యాండుకు వినిపించడానికి చేసుకున్న నమూనాలవి. తర్వాత పెద్ద స్టూడియోలో బ్యాండంతా కలిసి వాయించినా ఆ క్యాసెట్లోని ప్రాణం రాలేదు. చివరికి ఆ క్యాసెట్‌నే ‘నెబ్రాస్కా’ పేరుతో అదే ఏడాది ఆల్బమ్‌గా విడుదల చేశారు. గాయని బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్ లాస్ ఏంజెలెస్‌లోని అమ్మానాన్నల ఇంట్లో, అన్న ఫినియాస్ పడకగదిలో తయారైంది. 2020 జనవరిలో గ్రామీ అవార్డుల్లో ప్రధానమైన నాలుగూ ఆమెకే వచ్చాయి. కాలిఫోర్నియా కుర్రాడు స్టీవ్ లేసీ ఐఫోన్‌లోని గ్యారేజ్‌బ్యాండ్ యాప్‌లో ట్యూన్లు కట్టేవాడు. అలా కట్టినదొకటి 2017లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ ‘డ్యామ్’ ఆల్బమ్‌లో ‘ప్రైడ్’ అనే పాటయింది.

మనకు దగ్గరి ఉదాహరణ మరింత విలువైనది. ఏ.ఆర్.రెహమాన్ 1989లో చెన్నై కోడంబాక్కంలో తన ఇంటి ఆవరణలోనే ‘పంచతన్ రికార్డ్ ఇన్’ కట్టుకున్నారు. 1992లో వచ్చిన ‘రోజా’ పాటలు అక్కడ పుట్టినవే. ఆ స్టూడియో కట్టిన కొత్తలో ఒక ఏసీ, ఒక షెల్ఫ్, నేల మీద తివాచీ తప్ప అందులో ఏమీ లేవని, సామాను కొనడానికి డబ్బుల్లేక ఊరికే కూర్చునేవాడినని, అమ్మ తన నగలు తాకట్టు పెట్టమని ఇస్తే మొదటి రికార్డర్ వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు.

ఈ కథ విన్న కుర్రాళ్లు చాలామంది నగల దగ్గర ఆగిపోతారు. దయచేసి అంతకు ముందు జరిగింది చూడండి. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఆర్.కె.శేఖర్ పోయారు. తండ్రి వదిలి వెళ్లిన వాద్యాలను అద్దెకిచ్చి ఇల్లు గడిపారు. చదువుకునే వయసులోనే కీబోర్డు మోసుకుని స్టూడియోలకు తిరిగారు. ఇళయరాజా దగ్గర, మన రాజ్-కోటి దగ్గర వాయించారు. అమ్మ నగలు తీసి ఇచ్చేనాటికి ఆ కుర్రాడి చెవిలో పదేళ్ల స్టూడియో అనుభవం ఉంది. ఏది దేనికి పనికొస్తుందో తెలిసిన చేతిలో ఆ రికార్డర్ పడింది. మీ అమ్మానాన్నల్ని డబ్బు అడగడం తప్పు కాదు. మూడు పాటలు ఫోనులో పూర్తి చేసి, వాళ్లకు వినిపించి, ఆ తర్వాత అడగండి. మీ మాటకు బరువు ఉంటుంది.

గదే మొదటి వాద్యం

పాటలు పూర్తి చేశారు, ఇక కొనే దశకు వచ్చారు అనుకుందాం. ఇప్పుడు కూడా డబ్బు బయటికి తీయకుండా చేయాల్సిన పని ఒకటుంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగిన తర్వాత గోడల మధ్య ‘టింగ్’ మని సన్నగా ఒక మోత వినిపిస్తే, లక్ష రూపాయల మైకు పెట్టినా ఆ మోత మీ గొంతుతో పాటు రికార్డవుతుంది. మన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. సిమెంటు గోడలు, టైల్స్ నేల, పైన స్లాబు, కిటికీకి పలచని కర్టెన్. శబ్దాన్ని పీల్చుకునేది ఒక్కటీ ఉండదు.

అందులోనూ పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది సంగీతానికి బాగా ఇబ్బంది పెడుతుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. పది అడుగుల గోడల మధ్య అది అటూ ఇటూ తిరిగితే 56 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. మూడు కొలతలూ ఒకటే కాబట్టి మూడు వైపుల నుంచీ అదే స్వరం ఉబ్బుతుంది. బేస్ గిటారు ఒక చోట ఉరుముతుంది, రెండడుగులు పక్కకు జరిగితే మాయమవుతుంది. మీ ఇంట్లో పొడవు, వెడల్పు వేర్వేరుగా ఉన్న గది ఏదైనా ఉంటే దాన్నే ఎంచుకోండి.

మందు ఇంట్లోనే ఉంది. పాడేవారి వెనుక గోడకు పరుపు నిలబెట్టండి. పక్కల బొంతలు వేలాడదీయండి. నిండా బట్టలున్న బీరువా తలుపులు బార్లా తెరిచి పెట్టండి. నేల మీద జంపఖానా పరచండి. మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి, తేడా మీ చెవికే తెలుస్తుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే పని మాత్రం వద్దు. వాటివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు, నిప్పు అంటుకుంటే ప్రమాదం. అంగుళం మందం నురుగు షీట్లు కూడా పై స్వరాల్ని మాత్రమే తగ్గిస్తాయి. 100 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు మూడు మీటర్ల పైమాట, దాన్ని అంగుళం నురుగు ఏం ఆపుతుంది? నాలుగు అంగుళాల మందంతో రాక్‌వూల్ నింపిన చెక్క ఫ్రేములు వడ్రంగి చేత చేయించి, పైన గుడ్డ బిగించి, మూలల్లో నిలబెట్టుకుంటే మేలు. రెండు మూడు పాటలయ్యాక ఆ ఖర్చు గురించి ఆలోచించండి.

ఇక్కడో మాట. గదిలో మోత తగ్గించడం వేరు, బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం వేరు. రెండోదానికి బరువైన గోడలు, బిగువైన తలుపులు కావాలి, అద్దె ఇంట్లో అది కుదరని పని. కాబట్టి ఇల్లు, వీధి ఏ వేళ నిద్రపోతాయో గమనించండి. కూరగాయల బండి మైకు, పక్కింటి బోరు మోటారు, కుక్కరు కూత, గుడి మైకు, బడి బస్సు హారన్, వీటన్నిటికీ వేళలున్నాయి. ఒక రోజంతా కాగితం మీద రాసుకుంటే రికార్డింగుకు పనికొచ్చే రెండు గంటలు దొరుకుతాయి. ఆ రెండు గంటలు ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి, వాళ్ల సహకారం అడగాలి. తలుపు వేసుకుని విసుక్కునేవాడికి ఏ ఇల్లూ స్టూడియో కాదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపి మీ పాట కోసం అరగంట మౌనంగా కూర్చున్న అమ్మకు, పూర్తయిన పాట మొదట వినిపించండి.

ఇక కొనాల్సినవి

మూడే మూడు. ఆడియో ఇంటర్‌ఫేస్, మైకు, వైరున్న హెడ్‌ఫోన్. స్టాండు, వైరు, మైకు ముందు గుడ్డ జల్లెడతో కలిపి అటూ ఇటుగా పాతిక, ముప్ఫై వేలలో ఈ మూడూ వస్తాయి. ల్యాప్‌టాప్ మీ దగ్గరున్నదే చాలు.

ఇంటర్‌ఫేస్ అంటే మైకులోంచి వచ్చే విద్యుత్తును అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చే చిన్న పెట్టె. ఫోకస్‌రైట్, బెరింగర్ లాంటి కంపెనీల్లో ఒకటి రెండు ఇన్‌పుట్‌ల పెట్టెలు మొదలుపెట్టేవారికి సరిపోతాయి. ఒక్కరే పాడి, ఒక్కరే వాయిస్తారు కదా, ఎనిమిది ఇన్‌పుట్‌లతో పనేముంది?

మైకు విషయంలో నా అభిప్రాయం నలుగురు చెప్పేదానికి కాస్త భిన్నం. ప్రకటనల్లో మెరిసే పెద్ద కండెన్సర్ మైకు చూసి అందరూ అదే కొంటారు. అది సున్నితమైనది, గదిలోని ప్రతి గుసగుసనూ పట్టుకుంటుంది. పనిచేయడానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా కావాలి. తీర్చిదిద్దిన గదిలో అది వరం. మన పది అడుగుల గదిలో మాత్రం డైనమిక్ మైకు మంచిది. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 ఈనాటికీ సభల్లో, బుర్రకథ వేదికల మీద, గుళ్లలో కనిపిస్తూనే ఉంది. కింద పడినా తట్టుకుంటుంది, దగ్గరగా పాడినదాన్నే పట్టుకుంటుంది, వెనుక నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌లో గొంతు రికార్డు చేసింది కూడా షూర్ వారి ఎస్ఎం7 అనే డైనమిక్ మైకుతోనే. డైనమిక్ అంటే తక్కువరకం అనే అపోహ వదిలేయండి.

పాడేటప్పుడు మైకుకు, నోటికి మధ్య దూరం బెత్తెడు నుంచి జానెడు లోపు ఉండాలి. మరీ దగ్గరైతే గొంతులో అడుగు స్వరం ఉబ్బుతుంది. మన భాషలో ప, ఫ, బ, భ గాలిని విసురుతాయి. ‘భ’ తో మొదలయ్యే పాటల్లో మొదటి మాటకే మైకు ‘ధబ్’ మంటుంది. మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు వంచితే ఆ గాలి పక్కనుంచి పోతుంది. స, శ, ష లు ఈలలా కోస్తున్నా ఇదే ఉపాయం. ఇక రికార్డింగ్ మోతాదు. పాటలో తారస్థాయిలో, అన్నిటికంటే గట్టిగా పాడే పంక్తి ఏదో ముందు అది పాడి చూసుకోండి. అప్పుడు మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ తిప్పండి. 24 బిట్లలో రికార్డు చేస్తే సిద్ధాంతం ప్రకారం 144 డెసిబెల్స్ అవకాశం ఉంది, కాబట్టి మెల్లగా రికార్డయిందన్న భయం అక్కర్లేదు. సున్నా దాటి పగిలిన గొంతును మాత్రం ఎవరూ అతికించలేరు.

హెడ్‌ఫోన్ చెవిని పూర్తిగా మూసేది కావాలి, లేకపోతే వినిపించే ట్రాకు మైకులోకి కారుతుంది. బ్లూటూత్ వద్దే వద్దు. దానిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది, మీరు తాళం తప్పారని మీరే అనుకుంటారు. ఆలస్యం మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. పాడేటప్పుడు మీ గొంతు మీకే కాస్త ఆలస్యంగా వినిపిస్తుంటే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అనే అంకె చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 ఉంటే ఆ బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్ల ఆలస్యం తెస్తుంది. 128కి దించితే మూడులోపే. పాడేటప్పుడు తక్కువ, మిక్సింగప్పుడు ఎక్కువ, అంతే సూత్రం.

హెడ్‌ఫోన్‌లో ‘హమ్’ మని సన్నటి రొద వస్తుంటే మైకును తిట్టకండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. అది పోతే లోపం ఇంటి ఎర్తింగులో ఉంది. పాత ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బాగు చేయించుకోండి, అది పాటకే కాదు, ప్రాణానికీ మంచిది.

స్పీకర్లు? ఇప్పుడే వద్దు. గది కుదిరేదాకా ఎంత మంచి స్టూడియో మానిటర్లయినా గది చెప్పే అబద్ధాన్నే మీకు వినిపిస్తాయి.

ఒక్క సాఫ్ట్‌వేర్, ఒక్క ఏడాది

ఆపిల్ ఫోను, కంప్యూటర్ ఉన్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. ఆండ్రాయిడ్ వారికి బ్యాండ్‌ల్యాబ్ ఉంది. విండోస్ మీద రీపర్ అరవై రోజులు ఉచితంగా వాడి చూసుకోవచ్చు, నచ్చితే వ్యక్తిగత వాడకానికి అరవై డాలర్లు. బీట్లు కట్టడం ఇష్టమైనవారు ఎఫ్ఎల్ స్టూడియో వైపు వెళ్తారు. 1997లో బెల్జియంలో ఫ్రూటీలూప్స్ పేరుతో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లు ఉచితంగా ఇస్తారు. వీటిలో ఏది గొప్పది అనే వాదనలో పడి నెలలు పోగొట్టుకునేవారిని చాలామందిని చూశాను. పాట వినేవారెవరూ ఇది దేంట్లో చేశారని అడగరు. ఒకటి పట్టుకోండి, ఏడాది దాకా ఇంకోదాని వైపు చూడకండి.

క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. వైరస్ సంగతి అలా ఉంచండి, పాట మధ్యలో అది తెరుచుకోకపోతే మీ పనంతా అందులోనే చిక్కుకుంటుంది. అంతకు మించి, రేపు మీ పాటను ఎవరో దొంగిలిస్తే కడుపు మండుతుంది కదా. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికీ అలాగే మండుతుంది.

చిన్న కీబోర్డు ఒకటి, 25 మెట్లదైనా చాలు, మొదటి మూడు వస్తువుల తర్వాత కొనుక్కోవచ్చు. 1983లో వచ్చిన మిడి అనే ఒప్పందం వల్ల ఆ కీబోర్డు కంప్యూటర్‌కు శబ్దాన్ని పంపదు. ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎంతసేపు నొక్కారన్న సమాచారం మాత్రమే పంపుతుంది. అందుకే ఈ రోజు వీణగా వాయించింది రేపు వేణువుగా మార్చుకోవచ్చు, తప్పిన స్వరాన్ని వేలితో జరుపుకోవచ్చు.

మన సంగీతం నేర్చుకున్నవారికి ఇక్కడే ఒక అడ్డంకి ఎదురవుతుంది, ఇక్కడే వాళ్లకొక బలమూ ఉంది. అడ్డంకి గమకం. మెట్లున్న వాద్యం మీద కంపితం పలకదు. కీబోర్డుకు ఎడమవైపు ఉండే పిచ్ వీల్ సాధారణంగా రెండు అర స్వరాల మేరకు స్వరాన్ని వంచుతుంది. రోజూ కొంతసేపు ఒక మోహన, ఒక కల్యాణి ఆ చక్రంతో సాధన చేస్తే చెవికి ఇంపైన దగ్గరి పోలిక వస్తుంది. అయినా నిజం చెప్పాలంటే, ప్రోగ్రామ్ చేసిన పాటలో ఒక్క నిజమైన వయొలిన్ లేదా వేణువు చేరితే పాట నిలబడుతుంది. మీ ఊళ్లో వాయించేవారు ఉంటారు. వెళ్లి అడగండి, గౌరవంగా పారితోషికం ఇవ్వండి.

ఇక బలం. శ్రుతి, తాళం తెలిసినవారికి సాఫ్ట్‌వేర్ సగం వచ్చినట్టే. ఒకటో శ్రుతి అంటే సి, అయిదో శ్రుతి అంటే జి. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు అంటే నాలుగు లెక్కల బార్లు రెండు. మిశ్రచాపుకు ఏడు, ఖండచాపుకు అయిదు పెట్టుకోవాలి. మన జానపదాలు చాలా మటుకు తిశ్రగతిలో నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించే నాలుగు లెక్కలో వాటిని ఇరికిస్తే నడక చచ్చిపోతుంది. ఆరు లెక్కకు మార్చండి. డప్పు రికార్డు చేసేవారు మైకును ఒక బార దూరంలో పెట్టి మొదలుపెట్టండి, పుల్ల దెబ్బ, అడుగు మోత రెండూ కలిసి దొరికే చోటు వెతుక్కుంటూ దగ్గరకు రండి.

ఎనిమిది బార్ల ఊబి

ఇంట్లో పాటలు చేసేవారిలో ఎక్కువమంది పడే గుంట ఇదే. ఎనిమిది బార్ల లూపు ఒకటి బ్రహ్మాండంగా కుదురుతుంది. దాన్నే రోజూ వింటారు, ఒక డ్రమ్ము మారుస్తారు, ఒక సింథు కలుపుతారు, మళ్లీ వింటారు. నెల గడుస్తుంది. కంప్యూటర్‌లో నలభై లూపులు పేరుకుంటాయి, పాట ఒక్కటీ ఉండదు. లూపు ఆనందం ఇస్తుంది, పాట నిర్ణయాలు అడుగుతుంది. నిర్ణయం తీసుకోవడం కష్టం కాబట్టి మనసు లూపు దగ్గరే తిరుగుతుంది.

బయటపడే దారి మన సినిమా పాటే నేర్పింది. మొదటి రోజే, ఒక్క శబ్దం కూడా పెట్టకముందే, ఖాళీ తెర మీద ముక్కలు గీసుకోండి: ముందు సంగీతం, పల్లవి, బీజీఎం, మొదటి చరణం, పల్లవి, రెండో బీజీఎం, రెండో చరణం, పల్లవి. ఒక్కోదానికి ఎన్ని బార్లో రాసేయండి. ఆ ఖాళీలు మిమ్మల్ని పిలుస్తాయి. సాహిత్యం లేకపోతే మన ట్యూన్ కట్టేవారు ఎప్పటినుంచో చేస్తున్నట్టు లాలలా అనో, నోటికొచ్చిన డమ్మీ మాటలతోనో పాడి చివరిదాకా వెళ్లిపోండి. ఈ మొదటి గీత ఎంత అధ్వానంగా ఉన్నా ఫరవాలేదు, అది చివరిదాకా ఉండాలి. తర్వాత మార్చుకునే హక్కు మీకుంది.

పాటకు గడువు పెట్టుకోండి. మొదటి పాటకు వారం. గడువు వచ్చేసరికి ఎలా ఉంటే అలా మిక్స్ చేసి, తేదీతో సహా ఫైలుకు పేరు పెట్టి, ముగించండి. లోపాలు ఆ పాటలో దిద్దకండి, తర్వాతి పాటలో దిద్దండి. పదో పాట మొదటి పాటకంటే బాగుంటుంది. మొదటి పాటను పదిసార్లు చెక్కితే అంత బాగుండదు.

చెవికి కసరత్తు

రోజుకు అరగంట చెవి కోసం. ఇది లేకుండా మిగతా అభ్యాసమంతా వృథా అని నేను గట్టిగా నమ్ముతాను. 1989 నాటి ‘గీతాంజలి’లో ఇళయరాజా పాట ఏదైనా ఒకటి తీసుకోండి. మొదటిసారి బేస్ గిటారు వెంటే వెళ్లండి, ఇంకేదీ వినకండి. రెండోసారి వయొలిన్లు. మూడోసారి తాళవాద్యం. ఇంకోసారి గొంతు చుట్టూ ఉన్న ఖాళీ, ఎవరు ఎక్కడ ఆగి గాయకుడికి దారి ఇచ్చారన్నది. పది విడతలు విన్నాక ఆ పాట మీకు కొత్త పాటవుతుంది. మరో రోజు 1957 నాటి ‘మాయాబజార్’ వినండి. ఆ కాలంలో గాయకులు, వాద్యకారులు ఒకే హాల్లో కలిసి ఒకేసారి పాడి వాయించేవారు, తప్పు జరిగితే మళ్లీ మొదటినుంచి. తర్వాత సరిదిద్దుకునే ట్రాకులు లేవు. అయినా ప్రతి మాటా ముత్యంలా వినిపిస్తుంది. మైకుకు ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్న అమరికతోనే చాలావరకు మిక్సింగ్ అయిపోయేది.

మీ మిక్సింగ్ కూడా అక్కడినుంచే మొదలవ్వాలి. ఏ ప్లగిన్ తెరవకుండా, ఫేడర్లు మాత్రమే జరుపుతూ గొంతు, తాళం, బేస్ మూడూ వినిపించేలా చేయండి. అది కుదిరాక గొంతులో 80 హెర్ట్జ్ కిందిది కోసేయండి, అక్కడ మైకు స్టాండు కదలికలు, రోడ్డు మీది లారీలు తప్ప ఏమీ ఉండవు. ఆపైన గొంతు హెచ్చుతగ్గులు సమం చేసే కంప్రెషన్ కొంచెం, ప్రతిధ్వని ఇచ్చే రివర్బ్ కొంచెం. ‘కొంచెం’ అన్న మాట మీద నిలబడండి. పూర్తయ్యాక ఫోను స్పీకర్లో, కార్లో, ఇంటి టీవీలో వినండి. ఫోనులో బేస్ మాయమైతే గాభరా పడకండి, అంత చిన్న స్పీకరు అడుగు స్వరాల్ని పలకలేదు. గొంతు మాత్రం స్పష్టంగా ఉండాలి. పాట మోత పెంచాలని మొత్తాన్ని పిండి పిప్పి చేయవద్దు. స్పాటిఫై లాంటివి పాటలన్నిటినీ మోత కొలతలో సుమారు మైనస్ 14 లఫ్స్ అనే ఒకే మట్టానికి తెస్తాయి, మీరు పెంచినదాన్ని అవి తగ్గిస్తాయి.

తెలుగు పాటకు నేను పెట్టే పరీక్ష ఒకటుంది. మీ పాట ఎన్నడూ వినని పెద్దవారికెవరికైనా వినిపించి, అర్థమైన మాటలు చెప్పమనండి. ఏ మాట దగ్గర వాళ్లు ఆగిపోతారో అక్కడ మిక్సులో లోపముంది, లేదా ఉచ్చారణలో ఉంది. ళ, ల కలిసిపోయాయా? ణ, న ఒకటయ్యాయా? ఈ విమర్శ మొదట గుచ్చుకుంటుంది. గుచ్చుకున్న చోటే రాసుకోండి, వాదించకండి. ‘సూపర్ రా’ అనే పదిమంది స్నేహితులకంటే ‘రెండో చరణంలో మాట తెలియలేదు నాయనా’ అన్న ఒక్క తాతయ్య మీ పాటకు ఎక్కువ మేలు చేస్తాడు.

చెవి పోతే ఇవన్నీ పోతాయి. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని ఉద్యోగ ఆరోగ్య నిపుణుల లెక్క; మోత మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. పక్కన మనిషి మాట్లాడితే వినిపించేంత మెల్లగా మిక్స్ చేయండి. గంటకోసారి లేచి వెళ్లి మంచినీళ్లు తాగి రండి.

పాట బయటికి వెళ్లేముందు

చేసిన పాట కంప్యూటర్‌లో దాచుకోకండి, విడుదల చేయండి. తెలంగాణ జానపద పాటలు చిన్న చిన్న స్టూడియోల్లోంచి యూట్యూబ్‌కు వెళ్లి లక్షలమందిని చేరుతున్న కాలమిది. పాటలు పంపిణీ చేసే డిస్ట్రిబ్యూటర్ కంపెనీ ద్వారా వెళ్తే మీ పాట అన్ని వేదికల మీదికీ చేరుతుంది. ప్రతి రికార్డింగుకు పన్నెండు అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ గుర్తింపు సంఖ్య వస్తుంది, దాన్ని భద్రంగా రాసి పెట్టుకోండి. సినిమా పాట కవర్లతో మొదలుపెడితే అభ్యాసానికి మంచిదే, కానీ అనుమతి లేకుండా పెట్టిన పాట మీద హక్కుదారు క్లెయిమ్ వేస్తే ఆదాయం అటే వెళ్తుంది. మీ సొంత ట్యూన్ ఎంత చిన్నదైనా మీ ఆస్తి.

స్నేహితుడు సాహిత్యం రాశాడు, చెల్లెలు పాడింది, మీరు ట్యూన్ కట్టారు. ఎవరి వాటా ఎంతో పాట విడుదలకు ముందే కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. పాట నలుగురికీ నచ్చి డబ్బులు రావడం మొదలయ్యాక ఈ మాట ఎత్తితే స్నేహం చెడుతుంది. మన కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ ప్రకారం, కవికి, సంగీతకర్తకు దక్కాల్సిన రాయల్టీ వాటాను వాళ్లు ఏ కంపెనీకో వదులుకుంటూ రాసిచ్చినా అది చెల్లదు. ఈ సంగతి తెలియక సంతకాలు చేసే కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. 1969 నుంచి నడుస్తున్న ఐపీఆర్ఎస్ అనే సంస్థ ఈ రాయల్టీలు వసూలు చేసి సభ్యులకు పంచుతుంది. రెండు మూడు సొంత పాటలు విడుదల కాగానే సభ్యత్వం సంగతి చూసుకోండి.

ఉద్యోగం మానేసి ఇందులోకి దూకమని నేను చెప్పను. వారానికి రెండు రోజులు, రోజుకు రెండు గంటలు, ఎవరు పిలిచినా కదలని గంటలు. అవి దొరికితే ఏడాదిలో పది పన్నెండు పూర్తి పాటలు మీ దగ్గర ఉంటాయి. ఈ వారంలో ఆ నాలుగు గంటలు ఎప్పుడో ఇప్పుడే ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఖాయం చేసుకోండి, క్యాలెండర్లో మొదటి పాట గడువు తేదీ రాయండి.